ఒంగోలులో కిక్‌స్లెడ్ సాధన: ఇప్పటివరకు జరిగిన పని

ఫిన్లాండ్‌లోని ఔలు నగరంలో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి దగ్గరికి వచ్చే ఫిబ్రవరిలో వెళ్లినప్పుడు, అక్కడివారిలాగే కిక్‌స్లెడ్ మీద బజారుకు వెళ్లి రావాలన్నది నా ఉద్దేశం. మంచు ఫ్రిజ్‌లో తప్ప కనిపించని ఒంగోలులో అందుకు కావలసిన బండినీ, కాళ్లనూ ఎంతవరకు సిద్ధం చేసుకున్నానో ఇందులో రాస్తున్నాను.

కిక్‌స్లెడ్ అంటే మంచు మీద కాలితో తన్నుతూ నడిపే జారుడు బండి: సుమారు రెండు మీటర్ల పొడవుండే రెండు సన్నని ఉక్కు బద్దెలు, వాటి ముందుభాగాన ఒక చిన్న కుర్చీ, కుర్చీ వెనుక పట్టుకోవడానికి అడ్డంగా ఒక పిడి. ఒక పాదం బద్దె మీద ఉంచి రెండో కాలితో నేలను వెనక్కి తన్నుతూ పోవాలి. కుర్చీలో సరుకులైనా పెట్టుకోవచ్చు, మనిషినైనా కూర్చోబెట్టుకోవచ్చు. దీని ప్రస్తావన 1870 ప్రాంతంలో ఉత్తర స్వీడన్ పత్రికలో మొదట కనిపిస్తుంది. అప్పటివి బిరుసైన చెక్క బద్దెలు కాగా, 1909 ప్రాంతంలో వంగే గుణమున్న ఉక్కు బద్దెలు రావడంతో పిడిని కొద్దిగా మెలితిప్పి బండిని మలుపు తిప్పడం సాధ్యమైంది. ఇప్పటి మడత బండ్లు కూడా ఇదే సూత్రం మీద నడుస్తాయి. బ్రేకు మాత్రం ఉండదు, మడమలను మంచుకు రాస్తూ ఆపుకోవాలి.

మంచు లేనిచోట దీనికి దగ్గరి బంధువు కిక్‌బైక్. కిక్‌స్లెడ్లు తయారుచేసే ఫిన్లాండ్ వాసి హన్ను వియెరిక్కో 1994లో సైకిలు చక్రాలతో దీనికి రూపమిచ్చారు. ముందు 28 అంగుళాల పెద్ద చక్రం, వెనుక చిన్న చక్రం, మధ్యలో నేలకు దగ్గరగా కాలు మోపే పలక, ఇంతే. దిగుమతి ఖర్చు దండగనిపించి, పాత సైకిలు ముందుభాగాన్నీ, పిల్లల సైకిలు 20 అంగుళాల చక్రాన్నీ తీసుకుని కర్నూలు రోడ్డు వైపున్న వెల్డింగ్ షాపుకు వెళ్లాను. "ఏంది సార్ ఇది, చైను లేకుండా ఎట్టా పోద్ది?" అని అడిగిన మేస్త్రీ, గీసి చూపించిన తరువాత నాకంటే ఎక్కువ ఉత్సాహంగా పనిలోకి దిగాడు.

ఈ తయారీలో అసలు లెక్క పలక ఎత్తు. తన్నే ప్రతిసారీ, నిలబడిన కాలి మోకాలు పలక ఎత్తుకు తగ్గట్టు వంగాలి కాబట్టి ఒక్క సెంటీమీటరు పెరిగినా అరగంటలో తొడ చెప్తుంది. తక్కువ ఉంటే మంచిదే గానీ మన వీధుల్లోని స్పీడ్ బ్రేకర్లు అడుగుభాగాన్ని గీరేస్తాయి. అందుకని పలక పైభాగం నేల నుంచి 9 సెంటీమీటర్ల ఎత్తులో ఉండేట్టు పెట్టించి, వెనుక ఇరుసు ఎత్తుగా ఉంటుంది కనుక రెండు పైపులను పలక చివరి నుంచి పైకి వంచి అతికించాము. తన్నే కాలి చీలమండ తగలకుండా పలక వెడల్పు 12 సెంటీమీటర్లకు మించనివ్వలేదు. పైన చెకర్ ప్లేటు (ఉబ్బెత్తు గీతలున్న గరుకు రేకు) బిగించడం వల్ల చెమటకు తడిసిన బూటు కూడా జారడం లేదు.

సాధన తెల్లవారుజామున కొత్తపట్నం రోడ్డు మీద సాగుతోంది. ఎండెక్కితే తారు వేడికి తోడు సముద్రపు గాలి ఎదురు తగులుతుంది, ఆ గాలిలో కాలితో నడిచే బండి మీద వెళ్లడం శిక్ష. చూసేవారు తన్నే కాలే అలసిపోతుందనుకుంటారు గానీ, నిజానికి ముందు లొంగిపోయేది బరువంతా మోస్తూ పదేపదే వంగి లేచే రెండో కాలు. అందువల్ల ఐదారు తన్నులకొకసారి కాలు మార్చడం అలవాటు చేసుకోవాలి: నిలిచిన పాదం మడమను పక్కకు తిప్పి, ఖాళీ అయిన చోట రెండో పాదాన్ని మోపి, మొదటిదాన్ని వదిలేయాలి. కిక్‌స్లెడ్‌కు రెండు బద్దెలు ఉంటాయి కాబట్టి అక్కడ ఈ మార్పు తేలిక. తన్ను మోకాలి నుంచి కాక తుంటి నుంచి రావాలి. పాదం ముందు చక్రం సమీపంలో నేలను తాకి, శరీరం బరువుతో వెనక్కి సాగాలి. మొదట్లో పిక్కలు పట్టేసేవి, ఇప్పుడు మాట్లాడగలిగే ఊపిరితో పది కిలోమీటర్లు ఆగకుండా వెళ్లగలుగుతున్నాను.

చలి సరంజామా విషయంలో అమ్మేవాళ్లు చెప్పే జాబితాలో సగం అనవసరమని నా అభిప్రాయం. తన్నేటప్పుడు ఒళ్లు బాగా వేడెక్కుతుంది. అందుచేత లోపల పల్చని ఉన్ని బనీను, మధ్యలో ఫ్లీస్, పైన గాలి చొరబడని జాకెట్ చాలు. నూలు బనీను చెమట పీల్చుకుని ఆగిన వెంటనే వణుకు పుట్టిస్తుంది కనుక అది పనికిరాదు. తప్పనిసరైనవి బూటుకు తొడిగే ఉక్కు మేకుల రబ్బరు పట్టీలు, ఎందుకంటే జారే పాదంతో తన్నడం సాధ్యం కాదు. చీకటి వేళలు ఎక్కువ కాబట్టి రిఫ్లెక్టరు, తలకు కట్టుకునే లైటు కూడా ఉండాలి. గడ్డకట్టిన నీటి మీదికి వెళ్లేట్టయితే, మంచు విరిగి నీళ్లలో పడినప్పుడు దాని అంచుకు గుచ్చి పైకి పాకడానికి మెడలో వేసుకునే మేకుల జత కావాలి; తేటగా, గట్టిగా ఉన్న మంచు కనీసం 5 సెంటీమీటర్ల మందం లేనిదే ఒంటరి మనిషి కూడా అడుగు పెట్టకూడదన్నది అక్కడి నియమం.

ఉక్కు బద్దెలు గట్టిపడిన మంచు మీద, ముఖ్యంగా సున్నాకు కొంచెం దిగువన, హాయిగా జారుతాయి. మైనస్ 20 దాటితే జారుడుకు కావలసిన సన్నని తడి పొర ఏర్పడక, మంచు కొత్తపట్నం తీరంలోని పొడి ఇసుకలాగా బండిని పట్టేస్తుందట. మెత్తని మంచుకు బద్దెలపై తొడిగే వెడల్పాటి ప్లాస్టిక్ పట్టీలు దొరుకుతాయి. కాలిబాటల మీద జారకుండా చల్లే గులకరాళ్లు మాత్రం బద్దెలకు శత్రువులు; అవి ఉన్నచోట దిగి నెట్టుకుపోవడమే మేలని అబ్బాయి చెప్తున్నాడు.

ఇక మిగిలిన పనుల్లో మొదటిది బ్రేకు వాడకుండా పాదం రాస్తూ వేగం తగ్గించడం నేర్చుకోవడం. అందుకు పాత బూట్ల జతకు టైరు ముక్క అడుగు వేయించాను. వచ్చే వారం స్టేడియం వెనుక ఖాళీ మట్టి దారిలో ప్రయత్నిస్తాను. రెండోది కుర్చీ స్థానంలో ముందు బరువు ఉన్నప్పుడు బండి ఎలా తిరుగుతుందో చూడటానికి హ్యాండిలుకు బియ్యం సంచి కట్టి నడపడం.