ఒక్క ముక్కలో తేల్చేశారు

నిద్ర పట్టట్లేదు. మా చిన్నోడి క్విజ్ కాగితంలో చూసిన ప్రశ్న బుర్రలోంచి పోవట్లేదు. అమెరికాలో రాష్ట్ర శాసనసభకు ఎన్నికైన మొదటి నల్లజాతీయుడు ఎవరు? అలెగ్జాండర్ ట్వైలైట్, వెర్మాంట్, 1836. అంతే, తర్వాతి ప్రశ్న. ఎక్కడ చూసినా ఈయన్ని ఇలా ఒక్క ముక్కలో తేల్చేస్తారు. సభకు ఎందుకు వెళ్లాడో, వెళ్లి ఏమడిగాడో చెప్పరు. ఒళ్లు మండుతుంది.

వెళ్లింది బడి డబ్బు కోసం. వెర్మాంట్‌లో ఊళ్లకు పట్టాలిచ్చినప్పుడే గ్రామర్ స్కూలు (మన హైస్కూలు లాంటిది) పేరిట కొంత భూమి విడిగా ఉంచేవారు. దాన్ని కౌలుకిచ్చి ఆ డబ్బుతో బడి నడపాలి. ఆర్లీన్స్ కౌంటీలో (మన జిల్లా లాంటిది) ఆ కౌలు బ్రౌనింగ్టన్ బడికి వచ్చేది. 1829 నుంచి ట్వైలైట్ అక్కడ హెడ్మాస్టరు. అదే కౌంటీలోని క్రాఫ్ట్స్‌బరీ ఊరి వాళ్లు తమ అకాడమీకీ వాటా కావాలన్నారు. అప్పట్లో ఎంత చిన్న ఊరికైనా సభలో ఒక ప్రతినిధి ఉండేవాడు, పదవీకాలం ఏడాది. ఆ వాటాను అడ్డుకోవడానికే ట్వైలైట్ బ్రౌనింగ్టన్ ప్రతినిధిగా సభకు వెళ్లాడు.

అసలు ఆయన బడి కోసం కట్టిన రాతి మేడ సంగతి తెలిస్తేనే ఆయన పట్టుదల అర్థమవుతుంది. ఎనిమిదో ఏట పొరుగు రైతు దగ్గర పాలేరుగా కుదిరిన మనిషి, ఇరవయ్యేళ్లకు గానీ పెద్ద బడి గడప తొక్కలేదు. 1823లో మిడిల్బరీ కాలేజీలో పట్టా తీసుకున్నాడు. పై ఊళ్ల పిల్లలు ఉండడానికి హాస్టల్ కావాలంటే ట్రస్టీలు డబ్బు ఇవ్వలేమన్నారు. తనే కూడగట్టి గ్రానైటుతో నాలుగంతస్తులు లేపాడు. ఎద్దు తిరుగుతుంటే రాళ్లు పైకి లేచేవని, గోడతో పాటే పరంజా, ఎద్దు కూడా పైకి వెళ్లాయని అక్కడ చెప్పుకుంటారు. చివరికి దాన్ని దించే దారి లేక పైనే కోసేశారట. నిజమో కాదో గానీ, మేడ మాత్రం ఇప్పటికీ ఉంది. ఇంత కష్టపడి కట్టాక, దాన్ని నడిపే డబ్బుకు ఎసరొస్తే ఎవరూరుకుంటారు?

కానీ ఇంతవరకూ రాశాక క్రాఫ్ట్స్‌బరీ వాళ్ల మీద కోపం తగ్గింది. భూమి కౌంటీ మొత్తానిది. మంచులో దారులు మూసుకుపోయే చోట ఒక ఊరి పిల్లలు ఇంకో ఊరికి ఎలా వెళ్తారు? వాళ్లడిగింది న్యాయమే. సభ కూడా కౌలును పంచేసింది, ట్వైలైట్ ఓడిపోయాడు.

1847లో బ్రౌనింగ్టన్ వదిలి సరిహద్దు దాటి కెనడాలోని క్యుబెక్‌లో పాఠాలు చెప్పుకున్నాడు. బ్రౌనింగ్టన్ బడిలో పిల్లలు తగ్గిపోయారు. 1852లో మళ్లీ ఆయన్నే రప్పించుకున్నారు. వాటా పోయాక కూడా పదేళ్లకు పైగా నడిచిన బడి, ఆయన లేని ఐదేళ్లలో డీలా పడింది. డబ్బు పోతే బడి పోతుందని సభలో ఆయన పడిన భయం సగమే నిజమనిపిస్తోంది ఇప్పుడు.