‘వెల్’ అంటే ఎర్ర రంగు

మా అక్క బిడ్డ నల్గొండలో డిగ్రీ ఫైనలియర్. ఉద్యోగాల కోసం కంప్యూటరే మార్కులు వేసే ఇంగ్లీష్ పరీక్ష రాయాలని నెల రోజులుగా ఫోన్‌లో ఒక యాప్‌తో ప్రాక్టీస్ చేస్తోంది. మొన్న దేవరకొండ వచ్చినప్పుడు మొహం చిన్నబోయి, "మామా, నేనేం మాట్లాడినా ఎర్రగానే చూపిస్తోంది" అంది. ఏదీ చెప్పమన్నాను. "వెరీ వెల్" అంది. నాకు చక్కగా అర్థమైంది, యాప్ మాత్రం ‘వెల్’ మొదట్లోనే ఎర్ర రంగు పూసింది.

ఇంగ్లీష్‌లో ఆ రెండు మాటల మొదటి ధ్వనులు వేరు, మనకు రెండింటికీ ఉన్నది ఒక్క ‘వ’. పిల్ల తెలివితక్కువది కాదు, అది పుట్టినప్పటి నుంచీ విన్న భాషలో ఉన్నది అంతే.

మార్కు ఎట్లా పడుతుందో తెలిస్తే సగం టెన్షన్ పోతుంది. చదవాల్సిన వాక్యం మిషన్‌కు ముందే తెలుసు కాబట్టి మన రికార్డింగ్‌ను ధ్వనులుగా ముక్కలు కోసి, ఒక్కో ముక్క ఉండాల్సిన ధ్వనేనా, ఇంకోదానికి దగ్గరగా ఉందా అని లెక్క కడుతుంది. సిల్కే విట్, స్టీవ్ యంగ్ అనే పరిశోధకులు 2000లో ప్రచురించిన ‘గుడ్‌నెస్ ఆఫ్ ప్రొనన్సియేషన్’ పద్ధతి ఇదే. కానీ ఆ దగ్గర, దూరం కొలిచేది ఎవరి గొంతులతో నేర్పితే వాళ్ల గొంతుల నుంచే కదా! పరిశోధకులు వాడే స్పీచ్‌ఓషన్762 అనే రికార్డింగుల సేకరణలో 5000 వాక్యాలు, మాట్లాడిన 250 మందీ చైనా భాష మాండరిన్ వాళ్లే. ఎల్2-ఆర్కిటిక్ అనే ఇంకో సేకరణలో ఆరు భాషల వాళ్లు 24 మంది ఉంటే మన దేశం నుంచి హిందీ ఒక్కటే, తెలుగు లేదు. మనం ‘బస్’ చివర చేర్చే ‘ఉ’, నాలుక మడిచి పలికే ‘ట’ వాటిలో ఎక్కడ దొరుకుతాయి?

యాస గట్టిగా ఉన్నా మాట పూర్తిగా అర్థం కావచ్చని మన్రో, డెర్వింగ్ అనే పరిశోధకులు 1995లోనే చూపించారు. నాకు కోపం ఇక్కడే. మాటే మారిపోయే తప్పునూ, ఉత్త యాసనూ ఒకే ఎర్ర రంగులో చూపిస్తే పిల్లలు నోరు తెరవడానికే జంకుతారు. ఆ రెండూ విడిగా చూపించాలి, మిషన్‌కు మన ఊళ్ల గొంతులు కూడా వినిపించి నేర్పాలి.

అద్దం ముందు కూర్చోబెట్టాను. ‘వెరీ’కి పై పళ్లు కింది పెదవిని తాకాలి, ‘వెల్’కి తాకొద్దు, ‘ఊ’ అన్నట్టు పెదవులు గుండ్రంగా ముడిచి అక్కడి నుంచి ‘ఎల్’లోకి జారాలి. ఊ-ఎల్, ఊ-ఎల్ అని పది సార్లు అనిపించాక పచ్చ రంగు పడింది. ‘టేబుల్’లో ‘ట’ ఇంకా పసుపే చూపిస్తోంది. దాని జోలికి పోవద్దని చెప్పాను.