జీప్ కింద రాక్‌వెల్ ఇరుసులు: కట్ చేసే ముందు చూడాల్సినవి

అమెరికా సైన్యపు రెండున్నర టన్నుల తరగతి ట్రక్కు ఎం35 నుంచి వచ్చే రాక్‌వెల్ కంపెనీ ఇరుసు రాళ్ల మీద నడిపే బండికి బాగా నప్పుతుంది. ఇరుసును తిప్పే చిన్న గేరు, అంటే పినియన్, పైన ఉంటుంది కాబట్టి గేర్‌బాక్స్ వైపు నుంచి దానికి శక్తి తెచ్చే ప్రొపెల్లర్ షాఫ్ట్ రాయికి తగలదు. బరువు మాత్రం ఒక్కోటి 300 కిలోల పైమాటే. చేతులతో ఎత్తే సాహసం వద్దు.

గేర్ రేషియో 6.72, అంటే చక్రం ఒక చుట్టు తిరగడానికి ప్రొపెల్లర్ షాఫ్ట్ 6.72 చుట్లు తిరగాలి. 44 అంగుళాల టైరు వేస్తే, 33 అంగుళాల టైరుకు 5.04 రేషియో పెట్టినట్టే లెక్క. 44 అంగుళాల టైరుతో గంటకు 90 కిలోమీటర్ల వేగంలో ఆ షాఫ్ట్ నిమిషానికి దాదాపు 2870 చుట్లు తిరుగుతుంది. రోజూ హైవే ఎక్కే బండికి ఇది దండగ.

సస్పెన్షన్‌ను ఇరుసుకు బిగించే బ్రాకెట్లు ముందు టాక్ వెల్డ్ (చిన్న చుక్కలుగా తాత్కాలికంగా అతికించడం) మాత్రమే చేయండి. బండిని దాని బరువు మీదే నిలబెట్టి, సస్పెన్షన్‌ను చివరిదాకా ఎత్తి దించి చూడాలి. ముందు ఇరుసులో చిక్కు ఇక్కడే: పినియన్ మూతి పైకి తిప్పితే క్యాస్టర్ (స్టీరింగ్ తిరిగే ఇరుసు వెనక్కి వాలే కోణం) తగ్గుతుంది, స్టీరింగ్ నిలకడగా ఉండదు. పూర్తి వెల్డింగ్‌కు ముందు డిఫరెన్షియల్ (ఇరుసు మధ్యలోని గేర్ల సెట్టు) బయటికి తీసేయండి. రెండంగుళాల చొప్పున, పక్కలు మార్చుకుంటూ వెయ్యండి. ఒకే చోట సాగదీస్తే హౌసింగ్ (ఇరుసు బయటి గొట్టం) వంగుతుంది, సీళ్లు కారతాయి.

బరువు తగ్గించడానికి చాలామంది డ్రమ్ములు పీకేసి పినియన్ మీద డిస్క్ పెడతారు. గేరు వల్ల బ్రేకు పట్టు పెరుగుతుంది, నిజమే. కానీ డిస్క్ చక్రం కంటే 6.72 రెట్లు వేగంగా తిరిగి కాలిపోతుంది. ఇరుసు షాఫ్ట్ విరిగితే ఆ చక్రానికి బ్రేకే ఉండదు. రోడ్డెక్కే బండికైతే చక్రాల దగ్గరే డిస్కులు పెట్టండి.