బెసెల్ సీక్వెన్స్ నుంచి ఫ్రేమ్ దాకా: పీహెచ్‌డీ ఇంటర్వ్యూకి నేను చదివిన తీరు

గేట్ రాసి పీహెచ్‌డీ ఇంటర్వ్యూలకు సిద్ధమవుతున్న మిత్రుల కోసం ఇది. గేట్ సిలబస్‌లో ఫ్రేమ్ పేరు కనిపించదు. అయినా హిల్బర్ట్ స్పేస్ మీద పట్టు తేల్చడానికి ఇంతకంటే మంచి ప్రశ్న నాకు దొరకలేదు: ఇచ్చిన సీక్వెన్స్‌కి వెక్టర్లు కలిపి ఫ్రేమ్ చేయగలమా?

ఫ్రేమ్‌కు 1952లో డఫిన్, షేఫర్ ఇచ్చిన నిర్వచనం ముందు నోటికి రావాలి. ఏ వెక్టర్ తీసుకున్నా, సీక్వెన్స్‌తో దాని ఇన్నర్ ప్రొడక్టుల మాడ్యులస్ వర్గాల మొత్తం, నార్మ్ వర్గానికి ఆల్ఫా రెట్ల కంటే తగ్గకూడదు, బీటా రెట్లు దాటకూడదు. ఆల్ఫా సున్నా కంటే పెద్దది. పై హద్దు మాత్రమే ఉంటే అది బెసెల్ సీక్వెన్స్.

మొదట పై హద్దే చూడండి. వెక్టర్లు కలిపితే ఆ మొత్తం పెరుగుతుందే గాని తగ్గదు. కాబట్టి బెసెల్ కానిదాన్ని ఎంత పెంచినా ఫ్రేమ్ కాదు. బెసెల్ అయితే ఒక ఆర్థోనార్మల్ బేసిస్ కలిపేస్తే చాలు, 1, బీటా ప్లస్ 1 హద్దులుగా పనికొస్తాయి. చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. అసలు రుచి దీని తర్వాతే ఉంది.

నేను ఒకే ఉదాహరణ పట్టుకుని చదివాను: ఆర్థోనార్మల్ బేసిస్‌లో కె-వ వెక్టర్‌ను కె తో భాగించిన సీక్వెన్స్. ఇది బెసెల్, స్పాన్ డెన్స్ కూడా. కానీ కె-వ బేసిస్ వెక్టర్ దగ్గర ఆ మొత్తం 1/కె² మాత్రమే, కింది హద్దు నిలబడదు. మరి పరిమిత సంఖ్యలో వెక్టర్లు కలిపితే? అప్పుడూ కాదు. ఎం వెక్టర్లు కలిపారనుకోండి. బేసిస్‌లో బాగా దూరం వెళ్లి వరసగా ఎం ప్లస్ 1 వెక్టర్లు తీసుకుంటే, వాటి స్పాన్‌లో కలిపిన వాటన్నిటికీ లంబంగా ఒక యూనిట్ వెక్టర్ తప్పక ఉంటుంది. దాని మీద పాత మొత్తం మనకు కావలసినంత చిన్నది. కేవలం డైమెన్షన్ లెక్క! ఈ వాదనను కాగితం చూడకుండా బోర్డు మీద చెప్పడం బాగా సాధన చేశాను.

టైట్ ఫ్రేమ్, అంటే రెండు హద్దులూ ఒకటే అయిన ఫ్రేమ్, కావాలంటే ఫ్రేమ్ ఆపరేటర్ ఎస్ తీసుకోండి: వెక్టర్‌కు సీక్వెన్స్‌తో ఉన్న ఇన్నర్ ప్రొడక్టులతో ఆ సీక్వెన్స్ వెక్టర్లనే గుణించి కూడితే వచ్చేది. బీటా ఐడెంటిటీ మైనస్ ఎస్ పాజిటివ్ ఆపరేటర్. దాని స్క్వేర్ రూట్‌ను ఆర్థోనార్మల్ బేసిస్ మీద ప్రయోగించి, వచ్చిన వెక్టర్లు కలిపితే రెండు హద్దులూ బీటాయే. మన ఉదాహరణలో బీటా 1, 1/కె² కి మిగతా 1 − 1/కె² జతపడుతుంది.

చివరగా తలంలో (1,0), (1,1) తీసుకుని, ఒక్క వెక్టర్ కలిపి టైట్ ఫ్రేమ్ చేయండి. ఎస్ ఐజెన్ వాల్యూల తేడా √5, కాబట్టి ఆ వెక్టర్ చిన్న ఐజెన్ వాల్యూ దిశలో, పొడవు వర్గం √5 గా రావాలి.