ఎనిమిదో వచనం చదివాక పద్నాలుగోది కూడా చదవాలి

మన తెలుగు క్రైస్తవుల ఇళ్లలో ఎక్కువగా కనిపించే వాక్యాల్లో హెబ్రీయులకు రాసిన పత్రిక 13వ అధ్యాయం 8వ వచనం ఒకటి. యేసుక్రీస్తు నిన్న, నేడు, యుగయుగాలకూ ఒకే రీతిగా ఉంటాడనే మాట. గుమ్మాల మీద, క్యాలెండర్ల మీద, పెళ్లి శుభలేఖల మీద, ఆటోల వెనక కూడా ఉంటుంది. నేను ఆ మాట మీదే బతుకుతున్నాను. అందుకే, సంఘంలో ఏ చిన్న మార్పు వచ్చినా, ఇంట్లో పిల్లలు ఏదైనా కొత్తగా చేసినా ఆ వచనాన్నే అడ్డం పెట్టడం చూస్తే నాకు బాధేస్తుంది. ప్రభువు మారడు కాబట్టి మన పాటలు మారకూడదు, మన పద్ధతులు మారకూడదు, మనం పుట్టిన ఊరు కూడా అలాగే ఉండాలి అన్నట్టు మాట్లాడతారు. అదే అధ్యాయంలో ఇంకో ఆరు వచనాలు కిందికి దిగితే "నిలువరమైన పట్టణము మనకిక్కడ లేదు" అని ఉంది. ఆ రెండు మాటలూ ఒకే అధ్యాయంలో ఊరికే లేవు. మారనివాడు ఒక్కడే, ఆయన తప్ప ఇక్కడ ఏదీ నిలవదు, కాబట్టి ఆయన చెయ్యి పట్టుకుని కదలండి అని ఆ పత్రిక అంటోంది.

ప్రకాశం జిల్లాలో పుట్టిన మాలాంటివాళ్లం ఇది అస్సలు మర్చిపోకూడదు. 1876-78 కరువులో ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత పని కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకు కూలి ఇప్పించారు, తిండి కోసం వచ్చారన్న మాట పడకూడదని కరువు రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశారు కూడా. ఆ తర్వాత 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏట్లో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఎక్కువమంది మాదిగలు. వాళ్లు చచ్చిన పశువుల మాంసం తినడం మానేశారు, ఆదివారం వెట్టికి రామన్నారు, జాతరల్లో డప్పు కొట్టం అన్నారు. దానికి దెబ్బలు తిన్నారు. తరతరాలుగా ఇలాగే ఉంది కదా, మీ పెద్దలు ఇలా చెయ్యలేదు కదా అన్న మాట వాళ్ల చెవిన ఎన్నిసార్లు పడి ఉంటుందో ఊహించుకోండి. ఈరోజు మనం 'మన పెద్దల విశ్వాసం' అని గౌరవంగా చెప్పుకునేది ఆ రోజుల్లో ఊరంతా ఒప్పుకోని కొత్త విషయం. మార్పు మన ఇళ్లలోకి సువార్తతోనే వచ్చింది.

పాటల సంగతి కూడా అంతే. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో కీర్తన పైన రాగం, తాళం రాసి ఉంటాయి గమనించారా? పురుషోత్తమ చౌదరి గారి లాంటివాళ్లు 19వ శతాబ్దంలో ఈ నేల రాగాల్లోనే క్రీస్తును పాడారు. ఇక మనం 'మన సంప్రదాయం' అనుకునే హార్మోనియం ఐరోపా నుంచి వచ్చింది. ఇప్పుడు పిల్లలు కీబోర్డు, ప్యాడ్స్, గిటార్ పట్టుకుంటే ఆరాధన పాడైపోయిందని కంగారు పడేవాళ్లకు నేను చెప్పేది ఇదే. సౌండ్ తగ్గించమనండి, తప్పు లేదు, నాకూ చెవులు నొప్పి పుడతాయి. కానీ వాయిద్యం కొత్తదైనంత మాత్రాన అందులో పాపం లేదు.

ఇక అసలు నన్ను కలవరపెట్టేది ఉద్యోగాలు, వలసలు. ఊళ్లో పొలం అమ్మేసి హైదరాబాద్ వచ్చినవాళ్లు, యాభై ఏళ్ల వయసులో కంపెనీ తీసేస్తే ఇంట్లో చెప్పలేక రోజూ బ్యాగు తగిలించుకుని బయటికి వెళ్లేవాళ్లు, పిల్లలంతా డల్లాస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో ఉంటే పెద్ద ఇంట్లో ఇద్దరే మిగిలిపోయిన తల్లిదండ్రులు, వీళ్లంతా మన సంఘాల్లోనే మన పక్కనే కూర్చుంటున్నారు. వీళ్లకు మనం ఇచ్చేది చాలాసార్లు యిర్మీయా 29వ అధ్యాయం 11వ వచనం. డిసెంబరు 31 రాత్రి తీసే వాగ్దానం కార్డుల్లో తరచూ వచ్చేదే, దేవుడి ఉద్దేశాలు సమాధానకరమైనవే గాని హానికరమైనవి కావు అని. ఆ మాట నిజం. కానీ దాని ముందున్న 10వ వచనం డెబ్బై ఏళ్లు అంటుంది! ఆ ఉత్తరం యెరూషలేము నుంచి బబులోనుకు చెరగా వెళ్లినవాళ్లకు యిర్మీయా రాసింది. అప్పటికే హనన్యా అనే ప్రవక్త రెండేళ్లలో అంతా మామూలైపోతుంది, అందరూ తిరిగి వచ్చేస్తారు అని చెప్పి ఉన్నాడు. ఎవరికైనా వినాలనిపించే మాట అదే కదా. యిర్మీయా మాత్రం ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటండి, పిల్లల పెళ్లిళ్లు చెయ్యండి, మీరున్న ఆ పట్నం క్షేమం కోసం ప్రార్థన చెయ్యండి, అది బాగుంటేనే మీరు బాగుంటారు అని రాశాడు. తమను చెరపట్టిన వాళ్ల పట్నం కోసం ప్రార్థన! నాకు బైబిల్లో ఇంతకంటే కష్టమైన ఆజ్ఞలు కొన్నే కనిపిస్తాయి. 2020లో లాక్‌డౌన్ వచ్చి ఆ ఏడాది గుడ్ ఫ్రైడే, ఈస్టర్ మందిరం తలుపులు తియ్యకుండానే గడిచిపోయినప్పుడు మనం కూడా హనన్యా మాటలే వెతుక్కున్నాం. త్వరగా పాత రోజులు వచ్చెయ్యాలని అందరం ప్రార్థన చేశాం, ఉన్న చోట తోట ఎలా నాటాలో మాత్రం కొద్దిమందే ఆలోచించారు.

ఆ కొద్దిమంది చేసినవి ఇప్పటికీ నిలబడ్డాయి. మంచం మీద ఉన్న పెద్దవాళ్లు ఫోన్లో ఆరాధన చూస్తున్నారు. కంటిచూపు తగ్గిన అమ్మమ్మలు ఆడియో బైబిల్ వింటున్నారు. నాలుగు దేశాల్లో ఉన్న అన్నదమ్ములు రాత్రి వీడియో కాల్‌లో కుటుంబ ప్రార్థన చేసుకుంటున్నారు. ఇవన్నీ దేవుడి దయే అని నేను నమ్ముతాను. అయితే కాళ్లూ చేతులూ బాగున్నవాళ్లు దుప్పటి కప్పుకుని ఆరాధన 'చూడటం' మాత్రం నేను ఒప్పుకోను. సమాజంగా కూడుకోవడం మానవద్దని అదే హెబ్రీ పత్రిక 10వ అధ్యాయం చెప్తుంది. ప్రభువు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షారసం తీసుకునేటప్పుడు పక్కవాడి ముఖం కనిపించాలి, అతను ఈ వారం ఏడ్చాడో లేదో తెలియాలి. కానుక క్యూఆర్ కోడ్‌తో పంపొచ్చు, భుజం మీద చెయ్యి పంపలేం. ఏది మార్చుకోవచ్చో ఏది కూడదో తేల్చుకోవడానికి నాకు దొరికిన కొలత ఇదొక్కటే. ఆ మార్పు నన్ను ప్రభువుకూ పక్కవాడికీ దగ్గర చేస్తోందా, దూరం చేస్తోందా?

పెద్దవాళ్ల బాధను తేలిగ్గా తీసుకునే యువతతో కూడా ఒక మాట. ఎజ్రా 3వ అధ్యాయం చదవండి. బబులోను చెర నుంచి తిరిగొచ్చి యెరూషలేములో మందిరానికి కొత్త పునాది వేసిన రోజున, మొదటి మందిరాన్ని కళ్లారా చూసిన ముసలివాళ్లు గట్టిగా ఏడ్చారట, మిగతావాళ్లు సంతోషంతో కేకలు వేశారట, ఏది ఏడుపో ఏది సంతోషమో వినేవాళ్లకు తేడా తెలియలేదట. ఏడ్చినవాళ్లను అక్కడ ఎవరూ మందలించలేదు. కొన్నేళ్ల తర్వాత హగ్గయి ప్రవక్త ద్వారా దేవుడే ఆ పాత మహిమ సంగతి ఎత్తి, ఇప్పుడిది మీ కళ్లకు ఏమీ లేనట్టు కనిపిస్తోంది కదా అని అడిగి, ధైర్యం తెచ్చుకుని పని చెయ్యండి, నేను మీకు తోడుగా ఉన్నాను అన్నాడు. పోయినదాని కోసం ఏడవడం అవిశ్వాసం కాదు. మనవడు తెలుగు చదవలేడని తెలిసి కీర్తనల పుస్తకం గుండెకు ఆనించుకున్న తాతయ్యను చాదస్తం అనకండి.

మా సంఘంలో ఈ విషయం మీదే ఇప్పుడు చర్చ నడుస్తోంది. ఇంగ్లీషు మీడియం పిల్లల కోసం కీర్తనలు ఇంగ్లీషు అక్షరాల్లో తెర మీద వెయ్యాలని కొందరు, అలా చేస్తే తెలుగు పూర్తిగా పోతుందని కొందరు. రెండు లిపులూ పక్కపక్కనే వెయ్యండి అని నేను సంఘ పెద్దలను అడిగాను. దాంతోపాటు ప్రతి నెలా ఒక పాత కీర్తనను రాగం తప్పకుండా పాడగలిగే పెద్దవాళ్లతో సండే స్కూల్లో నేర్పిద్దామని, ఉద్యోగం పోయినవాళ్లకు ఆరాధన తర్వాత రెజ్యూమే, ఇంటర్వ్యూ సంగతుల్లో మన ఐటీ పిల్లలతో సాయం చేయిద్దామని కూడా చెప్పాను. ఉద్యోగాల సాయానికి పాస్టరు అయ్యగారు వెంటనే సరేనన్నారు, వచ్చే ఆదివారం ప్రకటనల్లో చెప్తారు. కీర్తనల సంగతి కమిటీ తేల్చాలి.