కామిల్ గౌను మీద ఎండ

బాల్టిమోర్‌లోని వాల్టర్స్ ఆర్ట్ మ్యూజియంకి టికెట్ లేదు, ఫ్రీ. అబద్ధమెందుకు, అందుకే వెళ్లాం. తీరా ఫ్రెంచ్ చిత్రకారుడు క్లాడ్ మోనే 1872 ప్రాంతంలో వేసిన 'వసంతం' బొమ్మ దగ్గరికి వచ్చేసరికి ఇక కదలబుద్ధి కాలేదు. పారిస్ దగ్గర అర్జాంతోయ్‌లో వాళ్ల తోట. చెట్టు నీడన గడ్డిలో గౌను పరుచుకుని కూర్చుని, తీరిగ్గా చదువుకుంటోంది ఆయన భార్య కామిల్.

ఆ గౌను మీద ఆకుల సందుల్లోంచి ఎండ చుక్కలు చుక్కలుగా పడుతుంది. దూరం నుంచి చూస్తే నిజం ఎండే! ముక్కు ఆనేంత దగ్గరికి వెళ్తే (గార్డు నావైపు ఓ చూపు చూశాడు) ఏమీ లేదు, కుంచెతో అద్దిన తెల్లరంగు మరకలు. నీడలో నలుపు అసలు కనబడదు, అంతా లేత ఊదా, నీలమే. నాకైతే ఆయన ధ్యాస ఆవిడ ముఖం కన్నా ఎండ మీదే ఎక్కువ ఉన్నట్టనిపించింది.

"పద, పార్కింగ్ టైమ్ అయిపోతోంది" అని మా ఆయన ఒకటే గోల. కామిల్ 1879లో, 32 ఏళ్లకే పోయిందట, పాపం. వచ్చే నెల అమ్మ వస్తోంది. తనకి కూడా చూపించాలి, ఈసారి పార్కింగ్ టెన్షన్ లేకుండా.