కంపెనీ తర్వాత అప్పుల ఫైళ్లు

సొంత కంపెనీ నడిపి, నలభై దాటాక ఫైనాన్స్‌లోకి రావాలనుకునే తమ్ముళ్లకు నేను ముందు చెప్పే మాట: షేర్ మార్కెట్ వైపు కాదు, అప్పులిచ్చే వైపు చూడండి. అందరికీ ఇదే సరిపోతుందని అనను గానీ, మన నల్గొండ, మిర్యాలగూడ, సూర్యాపేట వ్యాపారాలతో పని చేసినవాళ్లకైతే గట్టిగానే చెప్తాను.

మాది మిర్యాలగూడ. సాగర్ ఎడమ కాల్వ నీళ్లు, వాటి వెనకే వడ్లు, వడ్ల వెనకే మిల్లులు. దోస్తులతో కలిసి ఆ మిల్లులకు సాఫ్ట్‌వేర్ చేసే చిన్న కంపెనీ నడిపాను. లారీ వేబ్రిడ్జి ఎక్కిన దగ్గర్నుంచి తూకం, తేమ, తరుగు, బియ్యం, నూకలు, తౌడు, పార్టీల బాకీలు అన్నీ అందులోనే. తర్వాత కంపెనీ చేతులు మారింది, ఆ కథ ఇక్కడ అక్కర్లేదు. చిన్న వ్యాపారాలకు అప్పులిచ్చే ఒక ఎన్‌బీఎఫ్‌సీలో, అంటే బ్యాంకు కాని ఫైనాన్స్ కంపెనీలో, క్రెడిట్ విభాగంలో చేరాను. జీతం మొదట్లో తక్కువే. ఇంటి ఈఎంఐ, పిల్లల ఫీజులు అన్నీ ఇంట్లో కూర్చుని లెక్క వేసుకున్నాకే ఒప్పుకున్నాను.

పెట్టుబడుల విశ్లేషణ నేర్పే సీఎఫ్‌ఏ కోర్సు చదవమని చాలామంది అన్నారు. మంచి చదువే, కాదనను. కానీ మూడు లెవెల్స్ దాటేసరికి ఏళ్లు పడతాయి, ఆ తర్వాత కూడా పాతికేళ్ల సీఏలతో, ఎంబీఏలతో పోటీ పడాలి. వాళ్ల దగ్గర లేనిది నా దగ్గర ఏముంది అని ఆలోచించాను. ఒకటో తారీఖు దగ్గరికొచ్చింది, బిల్లులన్నీ రాసి ఉన్నాయి, కాగితం మీద లాభమే కనిపిస్తోంది, అకౌంట్లో మాత్రం జీతాలకు పైసలు లేవు. ఆ టెన్షన్ నాకు తెలుసు. అప్పు అడగడానికి వచ్చే మనిషి దాదాపు ఎప్పుడూ ఆ స్థితిలోనే వస్తాడు.

మిల్లు సంగతే తీసుకోండి. చిన్న వ్యాపారాల వర్కింగ్ క్యాపిటల్‌కు, అంటే రోజువారీగా నడపడానికి కావాల్సిన డబ్బుకు, బ్యాంకుల్లో నాయక్ కమిటీ పద్ధతి అని ఒకటి ఉంది: వచ్చే ఏడాది అంచనా టర్నోవర్‌లో 25 శాతం అవసరమనుకుని, అందులో 5 శాతం యజమాని పెడితే 20 శాతం బ్యాంకు ఇస్తుంది. టర్నోవర్ 10 కోట్లయితే లిమిట్, అంటే బ్యాంకు ఇచ్చే గరిష్ఠ అప్పు, 2 కోట్లు. కిరాణా హోల్‌సేల్ లాంటి ఏడాదంతా సమానంగా నడిచే వ్యాపారానికి ఇది బాగానే సరిపోతుంది, మిల్లుకు సరిపోదు. యాసంగి వడ్లు ఏప్రిల్, మే నెలల్లో ఒక్కసారే మీద పడతాయి, రైతుకు వెంటనే పైసలియ్యాలి, బియ్యం అమ్మితే వచ్చే డబ్బు మాత్రం నెలల తరబడి కొంచెం కొంచెంగా వస్తుంది. వానాకాలం పంటకూ ఇదే తీరు. అలాంటి మిల్లుకు లిమిట్ చాలదు, నెలనెలా సమానమైన ఈఎంఐ పెడితే అదీ కుదరదు. సీజన్ పైకెత్తినప్పుడు ఎంత కావాలి, ఎప్పుడు తిరిగి వస్తుంది అని నెలవారీగా రాసి చూపించాలి. మా ఆఫీసులో నేను ఎక్కువగా వాదించేది దీనికోసమే.

ఇంకొకటి, గోదాములో కనిపించే స్టాక్. ప్రభుత్వం కొన్న వడ్లు మరపట్టి ఇవ్వడానికి మిల్లుకు వస్తాయి. క్వింటాలుకు పచ్చి బియ్యమైతే 67 కిలోలు, ఉప్పుడు బియ్యమైతే 68 కిలోలు మిల్లరు తిరిగి అప్పజెప్పాలి. ఆ వడ్లు మిల్లరువి కావు. వాటిని కూడా సొంత స్టాక్‌లో కలిపి స్టేట్‌మెంట్ రాస్తే డ్రాయింగ్ పవర్, అంటే స్టాక్ చూపించి అప్పుగా తీసుకోగలిగే మొత్తం, ఉన్నదానికన్నా ఎక్కువ కనిపిస్తుంది. కొత్త ఆఫీసర్ గోదాము నిండా బస్తాలు చూసి సంతోషంగా సంతకం పెడతాడు. నేను మాత్రం ముందు ఏ బస్తా ఎవరిదని అడుగుతాను, ఎందుకంటే ఆ రెండు లెక్కలూ విడదీసే స్క్రీన్ మేమే తయారు చేశాం.

ఒక పెద్ద సేటు నన్ను చూడగానే "తమ్మీ, అప్పుడు కంప్యూటర్ పెట్టిస్తివి, ఇప్పుడు పైసలిప్పిస్తవా" అన్నాడు. కూర్చోబెట్టి, ఎవరి దగ్గర బాకీ ఆగిందో తనే చెప్పాడు. అంత నమ్మకం ఉన్నచోట కాదని చెప్పడం ఈ ఉద్యోగంలో అన్నిటికన్నా కష్టం. పాత అప్పు తీర్చడానికే కొత్త అప్పు అడిగిన ఒక పాత కస్టమర్‌కు కాదన్నాను, ఆ రోజంతా మనసు బాగోలేదు. ఇచ్చి ఉంటే కిస్తీ బాకీ 90 రోజులు దాటి ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ అయ్యేది, సిబిల్ స్కోరు పోయేది, ఆ తర్వాత ఏ బ్యాంకూ దగ్గరికి రానివ్వదు. అందుకే ఇప్పుడు ఎవరి కిస్తీ అయినా 30 రోజులు ఆలస్యం కాగానే ఫోన్ చేస్తాను, బెదిరించడానికి కాదు, పైసలు ఎక్కడ ఆగాయో తెలుసుకోవడానికి.

ఏం చదవాలంటే, బ్యాలెన్స్ షీట్, క్యాష్ ఫ్లో బాగా చదవడం రావాలి. జీఎస్‌టీ రిటర్నులు, బ్యాంకు స్టేట్‌మెంట్ పక్కపక్కన పెట్టుకుని తేడా పట్టడం రావాలి. సెబీ పెట్టిన సంస్థ ఎన్‌ఐఎస్‌ఎం వాళ్ల రీసెర్చ్ అనలిస్ట్ పరీక్ష పుస్తకం పునాదికి పనికొస్తుంది. రెజ్యూమెలో కంపెనీ నడిపిన ఏళ్లను దాచకండి. "మళ్లీ కంపెనీ పెట్టుకుని వెళ్లిపోతారేమో" అని నన్నూ అడిగారు. పెట్టనని ఒట్టు వేయలేదు. ఒక కాగితం అడిగి తీసుకుని, మిల్లుకు ఏ నెలలో ఎంత కావాలో, ఎప్పుడు తిరిగి కట్టగలదో రాసి చూపించాను, మిగతా ఇంటర్వ్యూ అంతా ఆ కాగితం మీదే నడిచింది.